నాలుగో కమాను మీది రావిమొక్క

"నానమ్మా, నీ వంతెన చూసొద్దాం పా" అని మొన్న తొలకరి పడ్డ వారంలో నా మనవరాలు కారు తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టింది. 'నీ వంతెన' అనడంలో కాస్త వెక్కిరింపు ఉంది. చిన్నప్పుడు దానికి ముద్దముద్దకూ ఆ వంతెన కథే చెప్పి అన్నం తినిపించాను, అందుకని అదేదో నా పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఆస్తి అన్నట్టు మాట్లాడుతుంది. హనుమకొండ నుంచి బయల్దేరాం. కేసముద్రం మార్కెట్ దగ్గర లారీలు, ట్రాక్టర్లు మూతులు రాసుకుంటూ నిలబడి చాలాసేపు కదలనియ్యలేదు. అక్కడి నుంచి మానుకోట, అదే మహబూబాబాద్, దిక్కు కొంతదూరం పోయి, డాంబరు రోడ్డు దిగి, అప్పుడే మొలకెత్తిన పత్తిచేల మధ్య బండ్లబాటలో ఊగుకుంటూ వెళ్లాక వాగు, వాగు మీద ఏడు కమాన్లు కనిపించాయి. చిన్నప్పుడు పెద్దవిగా తోచినవి పెద్దయ్యాక చిన్నబోతాయంటారు. నిజమే, నేను చదివిన బడి, నేను భయపడ్డ పంతులు, నేను ఈదిన బావి, అన్నీ కుంచించుకుపోయాయి. ఈ వంతెన మాత్రం అంగుళం తగ్గలేదు. నా మనవరాలు ఫోను తీయడం కూడా మరిచిపోయి మెడ పైకెత్తి చూస్తూ ఉండిపోయింది. అది నోరు మూసుకుని నిలబడటం నేను అరుదుగా చూశాను.

మొత్తం నల్లరాయి. మనిషి నడుమెత్తు రాళ్లను పలకలుగా చెక్కి, చిటికెనవేలు దూరని సందుల్లో గానుగ సున్నం కూరి, వాగు మీద ఏడు అర్ధచంద్రాలు నిలబెట్టారు. లోపల ఇనుము లేదు, సిమెంటు లేదు. మాది రాళ్లు కొట్టే వడ్డెర కుటుంబం. నిజాం కాలంలో ఈ దిక్కు రైలుదారి వేసేటప్పుడు మా పెద్దలు గాడిదల మీద సంసారాలు వేసుకుని వచ్చి, గుట్టల్లో రాయి పగలగొట్టి, ఈ కమాన్లు కట్టి, కట్టిన చోటే ఉండిపోయారు. మా తాత అప్పటికి చిన్నవాడట. తర్వాత ఆయన పెద్దయ్యాక వంతెన మరమ్మత్తుకూ, చూసుకోవడానికీ రైలువాళ్లు ఆయన్నే పెట్టుకున్నారు. రాళ్లు గాలిలో ఎట్లా నిలబడతాయని నేనొకసారి అడిగితే ఆయన చెప్పిన మాట ఇప్పటికీ నాకు కంఠతా ఉంది. "రాయి ఎప్పుడూ పడాల్ననే చూస్తది బిడ్డా. అన్నీ ఒక్కతీరుగ పడాలని చూసేటట్టు పేరిస్తే ఏదీ పడది. గదే కమాను." తర్వాత నేను చాలా చదివాను, చాలామందికి చదువు చెప్పాను. ఇంత పొట్టిగా, ఇంత సరిగ్గా చెప్పినవాళ్లను మళ్లీ చూడలేదు.

రైలుకట్ట పక్కన మా గుడిసెలు పది పన్నెండు ఉండేవి. పొద్దున మా ఇంట్లో కోడికంటే ముందు తాత చేతి చప్పుడు వినిపించేది. లేవగానే ఆయన ఏదో ఒకదాన్ని తట్టి వినాలి. తిరుగలి, రోలు, నీళ్లకుండ, పొయ్యిగడ్డ, ఏదైనా సరే. మానుకోట అంగడిలో కుండ కొనాలంటే అవ్వ ఆయన్ని వెంట తీసుకుపోయేది. అవ్వ అంటే మా నాయిన తల్లి. తాత కుండను చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి, దీనికి దగ్గుంది అని పక్కన పెట్టేవాడు. కుమ్మరి మొహం మాడ్చుకునేవాడు గానీ ఆ కుండను ఇంకొకరికి అంటగట్టడానికి సిగ్గుపడేవాడు. జొన్నగట్క, పచ్చిపులుసు తాగి, సుత్తె భుజాన వేసుకుని తాత వంతెన మీదికి బయల్దేరేవాడు. ఈ చివర నుంచి ఆ చివరకు ప్రతి కమానునూ తట్టి, విని, తల ఊపి ముందుకు పోయేవాడు. ఆరోగ్యం కనుక్కుంటున్నట్టే ఉండేది. మా నాయిన కొండలో రాయి కొట్టేవాడు. అమ్మా, అవ్వా సున్నం పని చూసేవాళ్లు. ఎద్దు గానుగ చుట్టూ తిరుగుతుంటే రాతిచక్రం కింద సున్నం, ఇసుక నలిగేవి. అందులో బెల్లంనీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవాళ్లు. మా పిల్లల కళ్లన్నీ ఆ బెల్లం మీద, అవ్వ కళ్లన్నీ మా మీద. తడిసున్నం వాసనకు ఇప్పటికీ నా నోట్లో బెల్లం రుచి తగులుతుంది.

మా ఇంట్లో ఇంకో వాసన ఉండేది, ఇంగువ వాసన. కూరలో వేయగా నేను ఎన్నడూ చూడలేదు. అది చెట్లను చంపే మందు. తొలకరి పడగానే రాళ్ల సందుల్లో మర్రి, మేడి, జువ్వి మొలుస్తాయి. పిట్టలు తిని వేసిన గింజలవి. రాయిని సమ్మెట పగలగొడుతుంది గానీ వంతెనను మాత్రం వెంట్రుకంత వేరు పడగొడుతుందని తాత అనేవాడు. అందుకని ఏడాదికోసారి ఆయన నడుముకు తాడు కట్టుకుని కమాను పక్కలకు దిగి, మొలిచినదాన్నల్లా వేరుతో పెరికి, పెరకడానికి రాని మొండి వేరును కోసి, కోసిన చోట చిటికెడు ఇంగువ కూరి, పైన సున్నం మెత్తేవాడు. ఇంగువ పెట్టిన వేరు మళ్లీ చిగురించదని మా వాళ్ల నమ్మకం. నేను పెద్దయి హాస్టల్లో చేరిన మొదటి రోజున వంటమనిషి చారులో ఇంగువ వేస్తుంటే, ఈ ఆడపిల్లలందరినీ ఏం చేయబోతున్నారా అని అన్నం ముట్టకుండా లేచిపోయాను. ఆ సంగతి తెలిసి వాళ్లు నన్ను మూడేళ్లు ఏడిపించారు.

ఇంత కట్టుదిట్టమైన మనిషి ఒక్క మొక్కను మాత్రం ముట్టుకునేవాడు కాదు. నాకంటే ముందు మా అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. నేనూ ఏడాది నిండకుండానే అమ్మవారు పోసి, ఇక దక్కదని గుడిసె బయట పడుకోబెట్టే దశకు వచ్చానట. అవ్వ మొక్కని దేవుడు లేడు. ఆ వారంలోనే నాలుగో కమాను పక్కన రాళ్ల సందులో రావిమొక్క మొలిచింది, ఆ వారంలోనే నేను కళ్లు తెరిచి పాలు తాగాను. ఇక అవ్వకు అనుమానం లేదు. బిడ్డ బతికింది, మొక్క మొలిచింది, రెండింటి ప్రాణం ఒకటే అంది. రావిని కోయడమే మహాపాపం, ఈ రావిని కోస్తే ఇంట్లో పీనుగ లేస్తుంది. దానికి దారం కట్టింది, పసుపు పూసింది, ఎండాకాలం వస్తే నా చేతే వంతెన మీది నుంచి చెంబుతో నీళ్లు పోయించేది. తొలకరికి తాత తాడు కట్టుకుని దిగినప్పుడల్లా ఆమె కట్ట మీద నిలబడి ఆయన చేతినే చూసేది. తాత ఆ మొక్క దగ్గర ఆగి, పైకి చూసి, పక్కకు జరిగిపోయేవాడు. వచ్చే ఏడు చూద్దాంలే అనేవాడు. ఆ వచ్చే ఏడు ఎనిమిదేళ్లు రాలేదు. రాతి సంగతి తెలియని మనిషి చేసిన తప్పయితే క్షమించొచ్చు. ఏమవుతుందో తెలిసి, పెళ్లాం మొహమూ మనవరాలి మొహమూ చూసి ఊరుకున్నాడు. మా తాత జీవితంలో చేసిన తప్పు నాకు తెలిసి అదొక్కటే.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తోంది, అవి రజాకార్ల రోజులు. ఊళ్లలో దొరలను ఎదిరించే సంఘం పెరుగుతోంది, గడీల దొరలు పట్నం పారిపోతున్నారు, రాత్రి గుసగుసలు పొద్దునకు కాల్పులయ్యేవి. ఎక్కడో పట్టాలు పీకారని, ఎక్కడో తీగలు తెంపారని కబుర్లు వచ్చేవి. కట్ట మీద తుపాకులు పట్టుకుని పోలీసులు తిరిగేవాళ్లు. రైలుకు ఏమైనా అయితే పక్క ఊరి మగవాళ్లదే పూచీ అని దండోరా వేయించారు. మానుకోట క్యాంపుకు తీసుకుపోయిన మనిషి తిరిగి వస్తాడని ఎవరూ అన్నం దాచిపెట్టేవాళ్లు కాదు. మా ఇంట్లో సంఘం మాట ఎత్తితే అమ్మ వాకిలి మూసేది.

శ్రావణంలో మూడు రోజుల ముసురు పట్టింది. నాలుగో నాటి పొద్దున నాలుగో కమాను పక్క రాళ్లు రెండు ఊడి వాగులో పడ్డాయి. వాటి వెనకాల సందు చెయ్యి దూరేంత తెరుచుకుంది. ముందుగా చూసింది తాత కాదు, పోలీసులు. రైలుబండి ఆపించారు. అమీను గుర్రం మీద వచ్చాడు, అమీను అంటే అప్పటి పోలీసు అధికారి. రాళ్లు చూశాడు, ఇది గడ్డపారలతో చేసిన పని అన్నాడు, ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. గుడిసెల్లోనూ ఊళ్లోనూ చేతికి దొరికిన మగవాళ్లను పదకొండు మందిని ఒకే తాటికి కట్టారు. రాళ్లు కొట్టేవాళ్ల ఇళ్లల్లో గడ్డపారలు దొరకడం అంత పెద్ద సాక్ష్యం అయింది. ఆ తాటికి మొదట మా నాయిన. తర్వాత మాలవాడలో ప్రార్థన చేయించే యేసోబు, లంబాడి తండా నుంచి మేకలు తోలుకొచ్చిన సోమ్లా, ఇంకా మిగతావాళ్లు. మధ్యాహ్నం లారీ వస్తుంది, క్యాంపుకు తోలుకుపోతారు అన్నారు. మా అమ్మ నేల మీద కూలబడింది. ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు.

ముసలివాడని వదిలేసిన తాత మాత్రం వాగులోకి దిగాడు. పడ్డ రాళ్లను తిప్పి తిప్పి చూశాడు, అంచుల మీద వేలు పెట్టి తడిమాడు. నేను ఒడ్డున ఉన్నాను. ఆయన మొహం చూసి నాకు ఏమీ అర్థం కాలేదు, పక్కనే ఉన్న అవ్వకు మాత్రం అర్థమయింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో రైలు ఇంజనీరు ట్రాలీ మీద వచ్చాడు. తాత తడిబట్టలతో కట్ట ఎక్కి, అమీనును దాటి, ఆయన ముందుకు పోయి చేతులు జోడించాడు. గడ్డపార పెడితే రాయి అంచు పెచ్చు లేవాలి, లేవలేదు చూడమన్నాడు. ఇంజనీరు దిగి చూశాడు. రాయి లోపలి పక్క నిండా సన్నని వేళ్లు ముసలివాళ్ల చేతి మీద నరాల్లా అంటుకుని ఉన్నాయి. ఇంజనీరు పైకి చూశాడు. అంతెత్తున పసుపుదారంతో రావిమొక్క గాలికి ఆకులు ఆడిస్తోంది. దాన్ని ఇన్నాళ్లు ఎవరు పెరగనిచ్చారని అడిగాడు.

"నేనే దొరా" అన్నాడు తాత. "యాడాదికోసారి పీకుడు నా పని. అన్ని పీకిన, గీ ఒక్కదాన్ని ఇడిసిపెట్టిన. ఎందుకంటే చెప్ప. తప్పు నాది. వాళ్లకు ఈ వంతెనకు సంబంధం లేదు, తాడు ఇప్పియ్యుండ్రి."

పెళ్లాం మొక్కు అనలేదు, మనవరాలి ప్రాణం అనలేదు. ఆ రోజుల్లో ఒక పనివాడు తన పనిలో తప్పుందని పై అధికారికి చెప్పడమంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పినా తెలియదు. కొలువు పోతుంది. జైలుకు పంపినా అడిగే దిక్కు లేదు. అన్నిటికంటే, మానుకోట చుట్టుపక్కల రాతిపని వాళ్లలో ఆయన మాట అంటే రాసిచ్చిన పత్రం. ఆ మాట అక్కడ అందరి ముందూ మట్టిలో కలిసింది. అమీనుకు ఈ లెక్క నచ్చలేదు, పట్టుకున్నవాళ్లను వదలడం అలవాటు లేని మనిషి. ఇంజనీరు మాత్రం, దెబ్బతిన్న కమాను నిలబెట్టడానికి మనుషులు కావాలి, వీళ్లు నా పని కింద ఉంటారు అని గట్టిగా పట్టుబట్టాడు. వాళ్లిద్దరూ ఉర్దూలో చాలాసేపు వాదించుకున్నారు. చివరకు తాడు విప్పారు. కమాను నిలబడితే పదకొండు మందీ ఇళ్లకు పోవచ్చు, కూలితే తాతతో సహా అందరూ క్యాంపుకు పోవాలి, ఇదీ తీర్పు. తాత కొలువు మాత్రం ఆ పని అయిన రోజుతో సరి.

మొక్కను పీకాల్సిన పని అందరికంటే ముందు వచ్చింది. తాత ఇంటికి వచ్చి అవ్వ ముందు కూచున్నాడు. అవ్వ నన్ను దగ్గరికి లాక్కుని చాలాసేపు నా వీపు నిమిరింది. పదకొండు మంది ప్రాణాలు ఒక పక్క, ఆమె నమ్మకంలో నా ప్రాణం ఇంకో పక్క. ఎవరూ ఆమెను బలవంతం చేయలేదు, చేసి ఉంటే ఆమె జన్మలో లొంగేది కాదు. తనంతట తనే లేచి, పైకప్పు ఆకుల్లోంచి ఇంగువ పొట్లం తీసి తాత చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం నుంచి ఆమె నిద్రపోవడం నేను చూడలేదు. ఎప్పుడు మెలకువ వచ్చినా నా నుదుటి మీద ఆమె అరచెయ్యి ఉండేది. నాకు దగ్గొస్తే ఆమె మొహం తెల్లబడేది.

కమాను కట్టిన ఆ ఇరవై రోజులూ నేను చూసిన పని నా జీవితంలో మళ్లీ చూడలేదు. ఆ వైపు బండి ఆ ఒడ్డునే ఆగితే జనం మోకాళ్లలోతు నీళ్లలో మూటలు నెత్తిన పెట్టుకుని ఈ ఒడ్డుకు వచ్చి ఇంకో బండి ఎక్కేవాళ్లు. కమాను కింద దుంగలతో ఆసరా నిలబెట్టి, పైన చెక్కతో కమాను ఆకారం అచ్చు కట్టారు. కదిలిన రాళ్లన్నీ దించి, ఒక్కొక్కదాని నుంచి వేళ్లు గీకి, వరుస తప్పకుండా వాగు ఒడ్డున పేర్చారు. రాతిపని తెలియని యేసోబు సున్నం మోశాడు. మేకలు తప్ప ఏమీ తెలియని సోమ్లా తాళ్లు లాగడంలో అందరినీ మించిపోయాడు. పడ్డప్పుడు లోపల బీట తీసిన రెండు రాళ్లకు బదులు మా నాయిన కొత్తవి చెక్కాడు. తాత ప్రతి రాయినీ కూర్చోబెట్టే ముందు తట్టి విన్నాడు, నచ్చకపోతే దించమన్నాడు. పైన అమీను మనుషులు తుపాకులతో నిలబడి తొందరపెడుతుంటే, కింద ఈయన సున్నం ఆరేదాకా రెండో రాయి ముట్టలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా తొందరపడని చేతిపని అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

మొన్న మనవరాలికి నాలుగో కమాను చూపించాను. ఆ పక్కన రెండు రాళ్లు తక్కినవాటికంటే కొంచెం తెల్లగా ఉంటాయి, మా నాయిన చెక్కినవి. అది వాటిని చేత్తో తడిమి, ఎంత నునుపుగా ఉన్నాయో అంది. మేము ఉండే కాలనీ పక్కన మొన్నీమధ్య ఒక చిన్న మోరీ కట్టారు, మొదటి వానకే కుంగింది. అడగబోతే కట్టినవాడు కట్టించినవాణ్ని, కట్టించినవాడు వానను చూపించాడు. తిలాపాపం తలా పిడికెడు. వాళ్లను తిట్టి ఊరుకుంటే నాకు హాయిగానే ఉంటుంది. కానీ నేనూ ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, తప్పు చెప్పిన పాఠాలున్నాయి, ఇంకొకరి మీదికి నెట్టిన మాటలున్నాయి. 'నేనే' అని ఒక్కసారి లేచి నిలబడింది లేదు. ఆ రాళ్ల ముందు నిలబడితే నాకు గర్వంగా ఉంటుంది, కొంచెం సిగ్గుగానూ ఉంటుంది. రెండూ దాచుకోను.

పని అయిపోయి, కింద ఆసరా తీసేసిన రోజున ఇంజనీరు ఒట్టి ఇంజను ఒకటి తెప్పించాడు. బండి పోయేటప్పుడు కట్టినవాడు కమాను కిందే నిలబడాలి అన్నాడు. శిక్ష అనుకునే అన్నాడు. తాత నవ్వి, అది మా పెద్దల నుంచి ఉన్నదే దొరా, మీరు చెప్పకపోయినా నిలబడేవాణ్నే అన్నాడు. తలపాగా సవరించుకుని వెళ్లి నాలుగో కమాను నడుమ నిలబడ్డాడు. కాసేపటికి మా నాయిన పోయి పక్కన నిలిచాడు. తర్వాత యేసోబు. తర్వాత సోమ్లా. వాళ్లలో చాలామందికి రాతిపనీ లేదు, ఆ ఆచారమూ లేదు. ఎవరూ పిలవలేదు. అయినా పదకొండు మందీ ఒక్కొక్కరే నీళ్లలోకి దిగి ఆయన చుట్టూ చేరారు. అమీను పైనుంచి చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకుని వాగులోకి దిగింది. పైన ఇంజనీరు, పిల్లను తీసుకుపొమ్మని అరుస్తున్నాడు. ఆమె వినలేదు. తాత మొహంలో భయం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

"బిడ్డనెందుకు తెచ్చినవే?" అన్నాడు.

"ఎనిమిదేండ్లు ఆ మొక్కను నమ్ముకొని దీన్ని సాదిన" అంది అవ్వ. "ఇప్పుడు మొక్క లేదు. ఇగ దీనికి నీ చెయ్యే ఆసరా. నీ చేతి మీద నీకు నమ్మకముంటే ఉండనియ్యి. లేకుంటే చెప్పు, తీస్కపోత."

తాత తల ఎత్తి కమానును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకసారి చూశాడు. దూరంగా ఇంజను కూత వేసింది. ఆయన నన్ను అవ్వ దగ్గర నుంచి తీసుకుని, కమాను నడినెత్తిన ఉన్న రాయికి సరిగ్గా కింద, తన ముందు నిలబెట్టుకున్నాడు. నేల అదిరింది, వాగునీళ్లు నా మోకాళ్ల చుట్టూ వణికాయి, చప్పుడు మా నెత్తి మీదికి వచ్చి, అక్కడే ఉండి, దాటిపోయింది. ఒక్క సున్నపు పెచ్చు రాలలేదు. అంతసేపూ తాత చెయ్యి నా తల మీదే ఉంది, అది వణకలేదు.